స్విఫ్ట్‌కి 165 తీసి 205 టైర్లు వేయించాను, స్టీరింగ్ వేరే కారుదిలా ఉంది

గోదారిగట్టు (రాజమండ్రి) | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోల్, 62 వేలు తిరిగింది. టైర్లు అరుగు గీత దాకా వచ్చేశాయి. ఎలాగూ మార్చాలి కదా అని 14 అంగుళాల ఇనుప రిమ్ములు కూడా తీసేసి, 15 అంగుళాల అలాయ్‌ల మీద 205/60 ఆర్15 టైర్లు వేయించాను. పాతవి 165/80 ఆర్14 (165 అంటే టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే ఆ వెడల్పులో గోడ ఎత్తు శాతం, 14 అంటే రిమ్ అంగుళాలు). చూడటానికి కారు చాలా బాగుంది, అందులో సందేహం లేదు.

కానీ స్టీరింగ్ పట్టుకుంటే నా కారు కాదనిపిస్తోంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్ల మధ్య రివర్స్ తీసేటప్పుడు ఇదివరకు ఒక్క చేత్తో తిప్పేవాణ్ణి, ఇప్పుడు రెండు చేతులూ కావాలి. హైవే మీద లారీలు నడిచి నడిచి పడిన గాడిలోకి చక్రం దిగితే చాలు, స్టీరింగ్ దానంతటదే అటు లాగుతుంది. మళ్ళీ ఇటు సరిచేయాలి. వైజాగ్ వెళ్ళొచ్చేసరికి భుజాలు పట్టేశాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వచ్చేది, ఇప్పుడు సగం దాకా వచ్చి ఆగుతోంది, మిగతాది నేనే తిప్పుకోవాలి. రోడ్డు పక్క ఇసుకలో ఒక చక్రం ఉండగా బ్రేక్ వేస్తే చేతిలో ఒక్క జర్క్ వస్తోంది. 90 దాటితే సన్నటి వణుకు.

బాగున్నది కూడా చెప్పాలి. 80 మీద లేన్ మారుతుంటే కారు వెంటనే కదులుతోంది. పాత టైర్లతో ముందు ఒళ్ళు వాల్చి, ఆ తర్వాత తిరిగేది.

షాపులో అడిగితే "వెడల్పు టైర్ అంటే అంతే సార్, అలవాటైపోతుంది" అన్నారు. నిజంగా అంతేనా? వీటిలో ఏది వెడల్పు వల్ల, ఏది ఇంకేదో తప్పు వల్ల?

పాత800 (తెనాలి) | ఆదివారం, రాత్రి 10:15

నాకు పెద్ద సాంకేతిక జ్ఞానం లేదు గానీ, పవర్ స్టీరింగ్ లేని మారుతి 800 పదిహేనేళ్ళు నడిపిన చేతులివి. దానికి 145 వెడల్పు, 12 అంగుళాల టైర్లు. ఒకసారి మా బావమరిది మాట విని ఒక సైజు వెడల్పువి వేయించాను. నిలబడి ఉన్న కారు స్టీరింగ్ తిప్పడం అంటే బావి గిలకకు నిండు చేద తగిలించి లాగినట్టే. కదులుతుంటే మాత్రం మామూలుగా ఉండేది.

అప్పుడే తెలిసింది: టైర్ ఆగి ఉంటే రోడ్డుకు అంటుకున్న రబ్బరు మొత్తాన్ని అక్కడికక్కడే రుద్దుతూ తిప్పాలి. కాస్త దొర్లుతుంటే ఆ బాధ ఉండదు. ఇప్పటి కార్లలో మోటార్ సాయం చేస్తుంది కాబట్టి మనకు ఆ బరువులో కొంతే తెలుస్తుంది. తమ్ముడూ, సెల్లార్‌లో ఒక అడుగు కదిలిస్తూ తిప్పి చూడు, సగం తేలికవుతుంది.

అలైన్‌మెంట్_బాబాయ్ (గుంటూరు) | సోమవారం, ఉదయం 6:50

బాబూ, ముప్పై ఏళ్ళుగా అలైన్‌మెంట్ గుంట మీద నిలబడే పని నాది. తప్పు ఒకటే అనుకుంటే తప్పు. నువ్వు చెప్పిన అయిదింటికీ నాలుగు కారణాలైనా ఉంటాయి. ముందు నాకు ఇవి చెప్పు.

గాలి ఎంత పెట్టారు? నీ డ్రైవర్ డోర్ తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, దానితో పోల్చి చెప్పు. టైర్లు వేశాక అలైన్‌మెంట్ చేసి ప్రింటు ఇచ్చారా, లేక బ్యాలెన్సింగ్ చేసి పంపేశారా? అలాయ్ వెనక వైపు "జె" పక్కన ఒక అంకె (రిమ్ వెడల్పు, అంగుళాల్లో), "ఈటీ" పక్కన ఒక అంకె అచ్చుపోసి ఉంటాయి, అవి కావాలి. హబ్ (చక్రం బిగించే కారు భాగం) మీద అలాయ్ కూర్చునే మధ్య రంధ్రంలో ప్లాస్టిక్ రింగు ఏమైనా పెట్టారా?

ఫోటో పెట్టకపోయినా ఫర్వాలేదు, అంకెలు కావాలి.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 7:05

బాబాయ్, మీరు అడిగినవన్నీ చూశాను. గాలి స్టిక్కర్ మీద ఉన్నదానికంటే 6 పాయింట్లు (పీఎస్ఐ) ఎక్కువ ఉంది, నాలుగు చక్రాలకూ. అలైన్‌మెంట్ చేయలేదట, "కొత్త టైర్లకు అక్కర్లేదు" అన్నారు. రిమ్ మీద 15x7 జె, ఈటీ 35 అని ఉంది. మధ్య రంధ్రంలో రింగు లేదు. హబ్‌కీ రిమ్‌కీ మధ్య నా చిటికెన వేలి గోరు దూరేంత సందు ఉంది.

చక్రంలెక్క (కాకినాడ) | సోమవారం, రాత్రి 11:20

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెబుతాను. ఈ విషయం మీద చాలామందికి ఒక అపోహ ఉంది, అక్కడి నుంచి మొదలుపెడతాను.

వెడల్పు టైర్ వేస్తే రోడ్డుకు తగిలే రబ్బరు బాగా పెరిగిపోతుందని అందరూ అనుకుంటారు. కారు బరువును ప్రధానంగా మోసేది లోపలి గాలి. మీ ముందు చక్రం ఒక్కోటి సుమారు 285 కిలోలు మోస్తుందనుకుందాం. 32 పాయింట్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు. భాగిస్తే సుమారు 127 చదరపు సెంటీమీటర్లు. టైర్ 165 అయినా 205 అయినా ఈ విస్తీర్ణం దాదాపు ఇంతే. టైర్ గోడ గట్టిదనం వల్ల కొద్దిగా తేడా వస్తుంది, అది వదిలేద్దాం. మారేది ఆకారం. సన్నటి టైర్ అచ్చు, అంటే రోడ్డుకు తగిలే ఆ చోటు, నిలువుగా పొడుగ్గా ఉంటుంది. వెడల్పు టైర్ అచ్చు అడ్డంగా సాగి, ముందు వెనకలకు పొట్టిగా అవుతుంది.

స్టీరింగ్ చేతికి చెప్పే కబురంతా ఈ పొడవులో ఉంది. మలుపులో టైర్ మీద పక్క నుంచి పడే బలం ఆ అచ్చు సరిగ్గా మధ్యలో పనిచేయదు, కాస్త వెనకగా పనిచేస్తుంది. ఎందుకంటే రబ్బరు ముందు అంచున రోడ్డును అప్పుడే తాకుతుంది, ఇంకా పెద్దగా వంగి ఉండదు. వెనక్కి వెళ్ళేకొద్దీ వంపు ఎక్కువవుతుంది. బలం వెనక పడుతుంది కాబట్టి చక్రాన్ని తిన్నగా నిలబెట్టే మెలి పుడుతుంది. ఆఫీసు కుర్చీ కింది చక్రం మనం ఎటు తోస్తే అటు తనంతట సర్దుకోవడం చూశారుగా, అదే సూత్రం. అచ్చు పొట్టిదైతే ఆ వెనకబాటు దూరం తగ్గుతుంది, సర్దుకునే బలమూ తగ్గుతుంది. మీ స్టీరింగ్ సగంలో ఆగిపోవడంలో ఇది ఒక భాగం. పైగా గాలి ఎక్కువ ఉండటంతో అచ్చు ఇంకా కుదించుకుపోయింది. రెండూ ఒకే వైపు లాగుతున్నాయి.

ఇంకో మాట, ఇది నాకు ముఖ్యమైనది. మలుపులో మరీ వేగంగా వెళితే టైర్ పట్టు చివరికి వస్తుంది. ఆ చివర్లో వెనకబాటు దూరం దాదాపు సున్నా అయిపోయి, స్టీరింగ్ ఉన్నట్టుండి చేతిలో తేలికవుతుంది. మంచి డ్రైవర్‌కు అదే హెచ్చరిక. సన్నటి, ఎత్తైన గోడ ఉన్న టైర్ ఆ మాట ముందుగా, నెమ్మదిగా చెబుతుంది. వెడల్పు, పొట్టి గోడ టైర్‌కు పట్టు ఎక్కువ, కాబట్టి ఆ హెచ్చరిక ఎక్కువ వేగం దగ్గర వస్తుంది, వచ్చాక ఆలోచించుకునే వ్యవధి తక్కువ. నా దగ్గర చదువుకునే కుర్రాళ్ళకు ఇది మళ్ళీ మళ్ళీ చెబుతాను, వాళ్ళు కార్లు నడిపే తీరు చూస్తే నాకు టెన్షన్.

లేన్ మారేటప్పుడు వెంటనే కదలడం గురించి అడిగారు. మీ పాత టైర్ గోడ ఎత్తు 165లో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. కొత్తది 205లో 60 శాతం, 123. గోడ 9 మిల్లీమీటర్లు తగ్గింది, రోడ్డుకు ఆనే భాగం వెడల్పైంది, రిమ్ కూడా వెడల్పై గోడను రెండు పక్కలా చాచి నిలబెట్టింది. అందుకే స్టీరింగ్ తిప్పగానే రబ్బరు వంగడంలో కాలం పోవడం లేదు. ఇది నిజమైన లాభమే.

ఖమ్మం_డీజిల్ (ఖమ్మం) | మంగళవారం, ఉదయం 8:30

ఇక్కడ అందరూ వెడల్పు టైర్లను తప్పుబడుతున్నట్టుంది, నా అనుభవం వేరు. నా పాత డీజిల్ స్విఫ్ట్‌కి ఆరేళ్ళుగా 195/60 ఆర్15 వాడుతున్నా. ముందు బరువైన ఇంజన్, దానికి ఆ పట్టు కావాలి. సూర్యాపేట దగ్గర రాత్రి పూట గేదె అడ్డం వస్తే పూర్తి బ్రేక్ వేసి పక్కకు తప్పించాను. కారు గీత గీసినట్టు వెళ్ళింది. ఆ రోజు నాతో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అప్పటి నుంచి సన్న టైర్ల వైపు చూడలేదు.

నా స్టీరింగ్ బరువు కాలేదు, గాడులు లాగడం కూడా పెద్దగా లేదు. మరి తేడా ఎక్కడ? నేను కంపెనీ జడ్ఎక్స్ఐ (స్విఫ్ట్‌లో పై వేరియంట్) రిమ్ములే వాడాను. తమ్ముడి సమస్య 205 కాదు, ఆ రిమ్ అని నా నమ్మకం. బాబాయ్ గారు చెప్పాలి.

అలైన్‌మెంట్_బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఖమ్మం అన్న చెప్పింది నిజం. ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా చదువు బాబూ.

ఈటీ అంటే రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత బయటికి ఉందో మిల్లీమీటర్లలో చెప్పే అంకె. ఆ అంకె పెద్దదైతే చక్రం లోపలికి కూర్చుంటుంది, చిన్నదైతే బయటికి వస్తుంది. కంపెనీ నీ కారుకి ఒక అంకె పెట్టుకుని సస్పెన్షన్ అంతా దాని చుట్టూ కట్టింది. నీ ఈటీ 35 దానికంటే బాగా చిన్నది. టైర్ మధ్యగీత దాదాపు సెంటీమీటరు బయటికి జరిగిందని నా అంచనా. పాత రిమ్ పక్కనే ఉందిగా, నువ్వే కొలుచుకో. రిమ్‌ను బోర్లా పడుకోబెట్టి, వెనక అంచుల మీద తిన్నని బద్ద పెట్టు. బద్ద నుంచి హబ్ ఆనే ముఖం దాకా స్కేలుతో కొలువు. అందులోంచి రిమ్ మొత్తం వెడల్పులో సగం తీసేయి, వచ్చేదే ఈటీ.

సెంటీమీటరే కదా అనుకుంటావేమో. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఒక గీత చుట్టూ తిరుగుతుంది. పైన స్ట్రట్ మౌంటింగ్ (షాక్ అబ్జార్బర్ పై కొస బాడీకి బిగే చోటు) నుంచి కింద బాల్ జాయింట్ (చక్రం కింది వైపు తిరిగే కీలు) గుండా గీత గీసి నేల దాకా పొడిగించు. నేల మీద ఆ చుక్కకీ, టైర్ అచ్చు మధ్యకీ ఉన్న దూరమే స్టీరింగ్‌కు గతుకులు తెలియజేసే పిడి. మా అమ్మ పప్పు విసిరే తిరగలి గుర్తు చేసుకో. పిడి మధ్యకు దగ్గరగా ఉంటే రాయి తిప్పడానికి బలమంతా పెట్టాలి, అంచున ఉంటే ఇట్టే తిరుగుతుంది. ఇక్కడ తోసే చెయ్యి రోడ్డుది. నీ కొత్త రిమ్ ఆ పిడిని అంచుకి జరిపింది. అందుకే గాడి చిన్నగా తోసినా స్టీరింగ్ ఇట్టే తిరిగిపోతోంది. ఇసుకలో ఒక చక్రం, తారు మీద ఒక చక్రం ఉండగా బ్రేక్ వేస్తే, తారు మీది చక్రమే గట్టిగా పట్టుకుంటుంది. రెండు పక్కల పిడులూ సమానంగా తోయవు. ఆ జర్క్ అదే. ముందు చక్రాలు లాగే ఇలాంటి కార్లకు ఆ దూరాన్ని చాలా చిన్నగా, తరచుగా లోపలి వైపుకే ఉంచుతారు. బ్రేకుల్లో సగమే పనిచేసినా కారు తిన్నగా పోవాలని.

వణుకు సంగతి. స్విఫ్ట్ హబ్ మధ్య బొడిపె 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే అలాయ్‌లు రకరకాల కార్లకు సరిపోవాలని మధ్య రంధ్రం పెద్దగా పోస్తారు. ఆ సందును రింగుతో పూడ్చాలి. లేకపోతే చక్రం సరిగ్గా మధ్యన కూర్చోక, నట్లు ఎటు లాగితే అటు కూర్చుంటుంది. మెషిన్ మీద బ్యాలెన్స్ సున్నా చూపించినా, కారు మీద 90 దగ్గర వణుకుతుంది. రింగు ఖరీదు ఎంతో కాదు, ఆ సైజు చెప్పి అడుగు.

ఇక అలైన్‌మెంట్ అక్కర్లేదన్న మాట విని బాధేసింది. టో అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత చూస్తున్నాయో ఆ కొలత. వెడల్పు టైర్ టో తప్పును ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. సన్న టైర్ మీద ఊరుకున్న తప్పే దీని మీద గాడి దొరికితే చాలు అటు పరుగెత్తిస్తుంది. పొద్దున్నే వెళ్ళి టో చూపించు, ప్రింటు అడిగి తీసుకో.

సిక్కోలు_డ్రైవ్ (శ్రీకాకుళం) | మంగళవారం, సాయంత్రం 6:00

ఈ చర్చ చదివి నా సందేహం అడుగుతున్నాను. నాది బాలెనో, 185/65 ఆర్15. పై వేరియంట్ 195/55 ఆర్16 అలాయ్‌లు ఒకరు అమ్ముతున్నారు, కంపెనీవే. తీసుకోవచ్చా? రోజూ ఆముదాలవలస దాకా వెళ్ళొస్తాను, రోడ్డు కొన్నిచోట్ల బాగా పాడైంది.

టైర్_కర్నూలు (కర్నూలు) | మంగళవారం, రాత్రి 8:45

అక్కా, నేను టైర్ల వ్యాపారం చేసేవాణ్ణే, అయినా అమ్మకం కోసం చెప్పడం లేదు. మీరు చెప్పిన రెండు సైజులకూ మొత్తం ఎత్తు దాదాపు ఒకటే: మొదటిది 621.5 మిల్లీమీటర్లు, రెండోది 620.9. మీటర్ తప్పు చూపదు. రిమ్ ఆ కారుకే తయారైంది కాబట్టి ఈటీ, మధ్య రంధ్రం గొడవ లేదు. స్టీరింగ్ కాస్త చురుగ్గా అవుతుంది, అంతకుమించి కొత్త బాధలు రావు.

కానీ గోడ ఎత్తు 120 నుంచి 107కి పడిపోతుంది. గుంత అంచుకు రిమ్ తగలకుండా కాపాడేది ఆ గోడే. మీ దారిలో గుంతలుంటే నేనైతే 15లోనే ఉంటాను. గోడకు బుడగ వచ్చి మా దగ్గరికి వచ్చే టైర్లలో పొట్టి గోడవే ఎక్కువ. బుడగ వచ్చిన టైర్‌కు రిపేరు ఉండదు, పారేయడమే.

రాజమండ్రి తమ్ముడికి కూడా ఒకటి. నీ 205/60 ఆర్15 ఎత్తు 627, పాతది 619.6. ఒక శాతం పైన పెరిగింది, మీటర్ 100 చూపిస్తే నువ్వు 101 మీద ఉంటావు. ఇబ్బంది లేదు. స్టెప్నీ మాత్రం ఇంకా పాత 165 కదా. పంక్చరైతే దాన్ని ముందు వేయకు. వెనక మంచి చక్రాన్ని ముందుకు మార్చి, స్టెప్నీని వెనక వేసుకుని మెల్లగా షాపు దాకా వెళ్ళు. ఇనుప రిమ్ నట్లు కూడా డిక్కీలో ఉంచుకో, అలాయ్ నట్లు వేరే రకం అయ్యుండొచ్చు.

మిషిగన్_మంచు (డెట్రాయిట్ దగ్గర) | బుధవారం, ఉదయం 7:30

మాది భీమవరం, ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు. ఇక్కడ చలికాలం టైర్లు వేరు, ఎండాకాలం టైర్లు వేరు. కొందరు చలికాలానికి ఒక సైజు సన్నవి వేస్తారు, నేనూ అంతే. సన్న టైర్ మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పుది మంచు మీద తేలుతుంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు ఒకే కారు మీద నాకు ఈ తేడా చేతికి తెలుస్తుంది.

నవంబర్‌లో సన్నవి వేయించుకుని షాపు బయటికి రాగానే స్టీరింగ్ తేలికగా, కాస్త బద్ధకంగా ఉంటుంది. తిప్పాక ఓ క్షణం ఆగి కారు తిరుగుతుంది. కానీ మలుపు దాటాక చక్కగా తనంతట తాను మధ్యకు వస్తుంది. ఏప్రిల్‌లో వెడల్పువి వేశాక మొదటి రెండు రోజులు మంచుకు పగిలిన రోడ్ల అతుకులన్నీ స్టీరింగ్‌లో కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే చలికాలం టైర్ల రబ్బరు కూడా మెత్తన, కాబట్టి తేడా మొత్తం వెడల్పుదే అనలేను. అయినా చక్రంలెక్క గారు చెప్పింది నా చేతికి తెలిసినదానితో సరిపోయింది.

గోదారిగట్టు | గురువారం, రాత్రి 9:15

ఈ రెండు రోజుల్లో నేను చేసినవి రాస్తున్నాను. చక్రంలెక్క గారు అచ్చు ఆకారం గురించి రాశాక ఊరుకోలేకపోయాను. జాకీ పెట్టి ముందు చక్రం లేపి, కింద నల్ల చార్టు పేపరు పరిచాను. టైర్‌కు తడి ముగ్గుపిండి రాసి, మెల్లగా దించి, మళ్ళీ లేపాను. మా ఆవిడ టార్చి పట్టుకుంది.

షాపు పెట్టిన గాలితో అచ్చు మధ్యలో దట్టంగా పడింది, రెండు అంచుల దగ్గర ముగ్గు చారలు చారలుగా మాత్రమే అంటింది. గట్టిగా పడిన భాగం వెడల్పు 13.5 సెంటీమీటర్లు, పొడవు 8.5. అంటే 205 టైర్ కొని దాని భుజాలు వాడటమే లేదు. గాలి స్టిక్కర్ అంకెకు దించి మళ్ళీ తీస్తే 15 వెడల్పు, 9 పొడవు, అంచులు కూడా తెల్లగా నిండాయి. తర్వాత పాత ఇనుప రిమ్ బిగించి అదే గాలితో తీశాను: 12 వెడల్పు, 11 పొడవు. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే, చక్రంలెక్క గారూ, మీరు చెప్పినదంతా కళ్ళ ముందుంది. కొత్తది అడ్డంగా పడుకుంది, పాతది చతురస్రానికి దగ్గరగా ఉంది. కాగితాలు ఆరబెట్టి దాచుకున్నాను.

గాలి దించాక సెల్లార్‌లో స్టీరింగ్ ఇంకాస్త బరువైంది, ఆ మాట దాచను. కానీ హైవే మీద ఎగిరెగిరి పడటం తగ్గింది. రోడ్ కమ్ రైల్ వంతెన మీద అతుకులు దాటుతుంటే ఆ కొట్టుడు మెత్తబడింది. స్టీరింగ్ తిరిగి రావడం సగం నుంచి ముప్పావు దాకా వచ్చింది.

అలైన్‌మెంట్ కూడా చేయించాను. ప్రింటులో ముందు టో రెండు వైపులా ఎర్రగా ఉంది, చక్రాలు బయటికి చూస్తున్నాయి. సరిచేశాక తిన్నటి రోడ్డు మీద చేయి సడలిస్తే కారు గీత తప్పడం లేదు. రింగులు తెచ్చి వేశాను, 90 దగ్గర వణుకు పూర్తిగా పోయింది. దానికోసం రెండుసార్లు బ్యాలెన్సింగ్‌కు డబ్బు కట్టాను.

మిగిలింది ఇసుకలో బ్రేక్ జర్క్, గాడులు లాగడం. గాడి లాగడం తగ్గింది గానీ పోలేదు.

నెల్లూరు_హైవే (నెల్లూరు) | శుక్రవారం, ఉదయం 7:00

ఎవరూ వాన మాట ఎత్తలేదు. మాకు నవంబర్ వానల్లో చెన్నై రోడ్డు మీద గాడుల్లో నీళ్ళు నిలుస్తాయి. పోయినేడు నా కారు 225 టైర్లతో 95 మీద అలాంటి నీళ్ళలోకి వెళ్ళింది. స్టీరింగ్ ఒక్కసారి గాలిలో తిప్పినట్టు అయిపోయింది. రెండు మూడు క్షణాలే. బ్రేక్ వేయలేదు, తిప్పలేదు, యాక్సిలరేటర్ మాత్రం వదిలేశాను. ఆ రెండు మూడు క్షణాలు నేను మర్చిపోలేను.

చక్రంలెక్క | శుక్రవారం, మధ్యాహ్నం 1:25

మీరు చేసింది సరిగ్గా చేయాల్సిన పని. తిప్పి ఉంటే, టైర్ మళ్ళీ రోడ్డు పట్టుకున్న క్షణాన కారు ఆ తిప్పిన వైపుకు దూకేది.

నీటి మీద టైర్ తేలే వేగానికి 1960లలో విమాన చక్రాల మీద నాసా పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు: పాయింట్లలో గాలి ఎంతో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. 36 పాయింట్లకు వర్గమూలం 6, అంటే 54 నాట్లు, గంటకు 100 కిలోమీటర్లు. 25 పాయింట్లకు 45 నాట్లు, 83 కిలోమీటర్లే. నీళ్ళు టైర్ మీది గాడుల లోతుకంటే ఎక్కువున్నప్పుడు, లేదా టైర్ అరిగినప్పుడు వర్తించే లెక్క ఇది. గాలి తక్కువున్న టైర్ వానలో ఎంత ప్రమాదమో చూడండి. ఆ సూత్రంలో వెడల్పు లేదు. తర్వాతి పరిశోధనల్లో అచ్చు ఆకారం కూడా చేరింది. అడ్డంగా వెడల్పై, ముందు వెనకలకు పొట్టిగా ఉన్న అచ్చు ముందే తేలుతుంది. ఒకే క్షణంలో ఎక్కువ నీటిని పక్కకు తోయాలి మరి.

చట్టం ప్రకారం మన కార్ల టైర్ల గాడులకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. వెడల్పు టైర్లు వాడేవాళ్ళు అంతదాకా ఆగవద్దని నా మనవి. 3 దగ్గర మార్చేయండి, ముఖ్యంగా వానలు మొదలయ్యే ముందు.

ఖమ్మం_డీజిల్ | శుక్రవారం, రాత్రి 9:50

ఇది నాకు తెలియదు. మా ఇంట్లో టైర్ లోతు కొలిచే గేజ్ ఉంది, ఇప్పుడే వెళ్ళి చూశాను. ముందువి 2.8. ఈ వారమే మారుస్తాను. సైజు మాత్రం 195 ఉంచుతా.

గోదారిగట్టు | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. బాబాయ్ చెప్పినట్టు బద్ద పెట్టి రెండు రిమ్ములూ కొలిచాను. తేడా 9 మిల్లీమీటర్లు వచ్చింది, ఆయన కళ్ళు మూసుకుని చెప్పిన సెంటీమీటరుకు ఒక్క మిల్లీమీటరు తక్కువ. అలాయ్‌లు, 205 టైర్లు కలిపి అమ్మేశాను. కొన్నతని కారుకు ఆ ఈటీ సరిపోతుందో లేదో ముందే చూసి, రింగులతో సహా ఇచ్చాను. వాటి స్థానంలో జడ్ఎక్స్ఐ నుంచి తీసిన కంపెనీ రిమ్ములు, 185/65 ఆర్15 కొత్త టైర్లు. మొత్తం మీద పదకొండు వేలు నష్టం.

నిన్న అన్నవరం వెళ్ళొచ్చాం. గాడులున్న లేన్‌లో కావాలనే నడిపి చూశాను. చక్రం గాడిలోకి దిగినట్టు చేతికి తెలుస్తోంది, కానీ లాక్కుపోవడం లేదు. తుని రోడ్డులో ఇసుక ఉన్నచోట వెనక ఎవరూ లేకుండా చూసుకుని, 40 మీద ఎడమ చక్రాలు ఇసుకలో ఉంచి బ్రేక్ వేశాను. జర్క్ లేదు. సెల్లార్‌లో పాత 165 అంత తేలిక లేదు గానీ ఒక్క చేయి చాలుతోంది. లేన్ మారేటప్పుడు 205తో వచ్చిన ఆ చురుకుదనంలో కొంత మిగిలింది, నాకు అది చాలు. మైలేజీ 205తో లీటరుకు 18కి పడిపోయింది, ఇప్పుడు 20 వస్తోంది.

బాబాయ్, ఒక్క ప్రశ్న మిగిలింది. కొత్త రిమ్ములు వేశాక మళ్ళీ అలైన్‌మెంట్ చేయించాలా? రిమ్ మార్చితే టో మారదు కదా?

అలైన్‌మెంట్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 8:20

రిమ్ మార్చినంత మాత్రాన టో మారదు, నిజమే. కానీ నువ్వు మూడు వారాలు ఆ బయటికి వచ్చిన చక్రాలతో తిరిగావు, టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) చివర్లు, వీల్ బేరింగులు ఎక్కువ తోపు తిన్నాయి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి జాకీ మీద లేపి, చక్రాన్ని మూడు గంటల చోట, తొమ్మిది గంటల చోట పట్టుకుని ఊపి చూడు. కదలిక ఉంటే టై రాడ్ చివర. పన్నెండు, ఆరు దగ్గర ఊగితే బేరింగు గానీ, కింది బాల్ జాయింట్ గానీ. ఏ కదలికా లేకపోతే అలైన్‌మెంట్ అక్కర్లేదు. గుంటూరు వైపు వస్తే మా గుంట మీదికి తీసుకురా, నేనే చూస్తాను.